వానలు పడినా బోర్లెందుకు ఎండుతున్నాయి? ప్రకాశం జిల్లా నేల కింది లెక్క

క్లుప్తంగా: ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో నేల కింద ఉన్న రాయి వాన నీటిలో చాలా కొద్ది భాగాన్నే లోపలికి తీసుకుంటుంది. ఇంకుడు గుంతలు, చెక్‌డ్యాములు ఆ పరిమితిని కొంతమేరకే పెంచగలవు. ఎంత నీరుందో ముందే లెక్క చూసుకుని పంట వేసుకోవడం వల్ల అంతకంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. నీటిమట్టం పడిపోతే బోరు కంటే ముందు దెబ్బ తినేవి వాగు, చెట్టు, చేదబావి. తీరంలో సమస్య వేరు: అక్కడ నీరు తగ్గితే ఆ చోటికి ఉప్పునీరు వస్తుంది.

అక్టోబరులోనో నవంబరులోనో తుపాను వస్తుంది. రెండు రోజులు కుండపోత. గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు ఉప్పొంగుతాయి, చప్టాల మీద నీళ్లు పారి బస్సులు ఆగిపోతాయి. మళ్లీ మార్చి వచ్చేసరికి మార్కాపురం, యర్రగొండపాలెం, కనిగిరి వైపు ఊళ్లలో ట్యాంకరు కోసం బిందెలు వరుస కడతాయి. బత్తాయి తోటలో మోటారు పావుగంట నడిచి గాలి తీసుకుంటుంది. అంత వాన పడింది కదా, ఆ నీళ్లన్నీ ఏమయ్యాయని అందరూ అడుగుతారు.

చాలామంది చెప్పే జవాబు, నీళ్లన్నీ సముద్రం పాలయ్యాయని. అందులో నిజముంది. కానీ ఆ నీటిని మొత్తం ఆపగలిగినా పడమటి మండలాల్లో అది నేలలోకి దిగేది కొంతే. ఎందుకంటే ఎంత దిగాలో వాన ఒక్కటే తేల్చదు, కింద ఉన్న రాయి కూడా తేలుస్తుంది.

ఏ రాయి ఎంత తాగుతుంది

జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 870 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు దాదాపు చెరి సగం ఇస్తాయి. పడమటికి పోయేకొద్దీ వాన తగ్గుతుంది. అక్కడి నేల తీరు కూడా మారిపోతుంది. తీరాన ఇసుక, ఒండ్రు. మధ్యలో గ్రానైటు, నైసు లాంటి గట్టి రాళ్లు. నల్లమల దాపుకు వచ్చేసరికి కడప శిలలు, అంటే పలకరాయి, షేలు, క్వార్ట్‌జైటు. ఒకప్పుడు బడి పిల్లలు ఓనమాలు దిద్దిన పలకలు మార్కాపురం గనుల నుంచే వచ్చేవి. రేకులు రేకులుగా చీలే ఆ రాయి పలకకు ఎంత బాగా పనికొచ్చిందో నీళ్లు దాచుకోవడానికి అంత పనికిరాదు. అందులో రంధ్రాలు దాదాపు లేవు. నీరు నిలిచేది పగుళ్లలోనే.

పడిన వానలో నేల కిందికి చేరేది ఎంతో లెక్కగట్టడానికి కేంద్ర భూగర్భ జల మండలి, రాష్ట్రాల భూగర్భ జల శాఖలు కొన్ని ప్రమాణాలు వాడతాయి. వాటి ప్రకారం తూర్పు తీరంలోని ఒండ్రు నేల వానలో 16 శాతం లోపలికి తీసుకుంటుంది. పైపొర శిథిలమై బంకమట్టి తక్కువగా ఉన్న గ్రానైటు నేల 11 శాతం, బంకమట్టి ఎక్కువైతే 8 శాతం. క్వార్ట్‌జైటు 6 శాతం. షేలు, ఫిల్లైటు రకం రాళ్లు 4 శాతం. పగుళ్లు లేని గట్టిబండైతే 1 శాతమే.

శాతాల్లో చెబితే ఈ తేడా ఎంత పెద్దదో తెలియదు కాబట్టి లీటర్లలోకి మార్చి చూడాలి. 800 మిల్లీమీటర్ల వాన పడితే ఎకరం మీద పడే నీరు సుమారు 32 లక్షల లీటర్లు. ఒండ్రు నేలలో అందులో 5 లక్షల పైచిలుకు కిందికి దిగుతుంది. షేలు, పలకరాయి నేలలో దిగేది సుమారు 1 లక్షా 30 వేల లీటర్లు. గంటకు 10 వేల లీటర్లు తోడే మామూలు బోరును ఉచిత కరెంటు వచ్చే 9 గంటలూ నడిపితే రోజుకు 90 వేల లీటర్లు బయటికొస్తాయి. అంటే ఎకరం నేల ఏడాదంతా కూడబెట్టిన నీటిని ఆ బోరు రోజున్నరలో తోడేస్తుంది.

పంట వైపు నుంచి కూడా ఇదే లెక్క చూడొచ్చు. వానలు లేని కాలంలో ఎకరం వరి పండాలంటే సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి, అంటే దాదాపు 48 లక్షల లీటర్లు. పలకరాయి నేలలో అంత నీరు చేరాలంటే 37 ఎకరాల్లో పడిన వాన ఇంకాలి. మడిలో పెట్టిన నీరు కొంత మళ్లీ కిందికి దిగుతుంది. నీటిమట్టం 25 మీటర్ల కంటే లోతున ఉన్న చోట అలా తిరిగి చేరేది ఐదో వంతుగా లెక్కిస్తారు. అది తీసేసినా 30 ఎకరాల వాటా ఒక్క ఎకరానికి పోతున్నట్టే. మిగతా 29 ఎకరాల వాళ్లకూ బోర్లున్నాయి, వాళ్లకూ పంట కావాలి. పడమటి ప్రకాశంలో బోరు తగాదాలకు మూలం ఇక్కడుంది.

వాన పడే తీరు దీనికి తోడవుతుంది. నేల నెమ్మదిగా తాగుతుంది. నాలుగు రోజులు ముసురు పట్టి సన్నగా పడితే నీరు లోపలికి దిగుతుంది. అదే వాన నాలుగు గంటల్లో కురిస్తే పైపొర తడిసి మూసుకుపోయి మిగతాదంతా వాగులోకి ఉరుకుతుంది. ఈ జిల్లాకు వచ్చే వానలో తుపాను వానల వాటా ఎక్కువ. ఏడాది చివర లెక్కల్లో వర్షపాతం సాధారణమే అని రాసి ఉంటుంది, బోర్లు మాత్రం నిండవు.

రిగ్గు లారీ వచ్చిన రోజు

బోరు వేయడం దగ్గర నిలబడి చూస్తే భూగర్భ జలం గురించి చాలా సంగతులు తెలుస్తాయి. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని ఒకాయన పాయింటు చూపిస్తాడు. అక్కడ పసుపు, కుంకుమ, అగరొత్తులు. రిగ్గు మొదలవగానే ముందు మట్టి వస్తుంది, తర్వాత మొరం. గట్టిరాయి తగలగానే అంతవరకు కేసింగు పైపు దించి, ఆ కింద ఆరున్నర అంగుళాల రంధ్రాన్ని రాతిలోనే కొట్టుకుంటూ పోతారు. గొట్టంలోంచి బూడిద రంగు పొడి ఎగజిమ్మి చుట్టుపక్కల ఆకుల మీద, మనుషుల తలల మీద పడుతుంది. ఇంట్లోవాళ్లందరూ గట్టు మీద కూర్చుని ఆ పొడినే చూస్తుంటారు. పొడి తడిగా మారితే జల తగిలినట్టు. పొడిగానే వస్తుంటే ఇంకో రాడ్డు దించమంటారు. లోతు పెరిగేకొద్దీ అడుగు రేటూ పెరుగుతుంది. 600 అడుగుల దగ్గర ఆపేద్దామా ఇంకో 100 చూద్దామా అన్న టెన్షన్ ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ ఉంటుంది. ఈ ప్రాంతంలో వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఇప్పుడు వింతేమీ కాదు.

లోతుకు పోతే నీళ్లు ఎక్కువుంటాయని ఒక నమ్మకం ఉంది. గట్టిరాతి నేలల్లో ఇది చాలావరకు పొరపాటు. నీరు ఎక్కువగా నిలిచేది పైనున్న శిథిల పొరలో, దాని కిందనే ఉన్న పగుళ్లలో. కిందికి పోయేకొద్దీ పై బరువుకు పగుళ్లు బిగుసుకుపోయి, అరుదవుతాయి. లోతైన బోరుకు నీళ్లు పడ్డాయంటే చాలాసార్లు ఏదో పెద్ద పగులు తగిలిందని అర్థం. ఆ పగులు పక్క పొలం కిందా ఉంటుంది, పై పొరతోనూ దానికి సంబంధం ఉంటుంది. కాబట్టి అక్కడ దొరికింది కొత్త నీరేమీ కాదు. పైన ఉన్న నీటినే కింది నుంచి లాగడానికి ఇంకో దారి ఏర్పడినట్టు.

ఎండిన బోరు కేసింగు దగ్గర చెవి పెడితే కొన్ని చోట్ల లోపల బొట్లు రాలుతున్న చప్పుడు వినిపిస్తుంది. పై పగుళ్లలో మిగిలిన నీరు రంధ్రం గోడ వెంట జారి ఎక్కడో కింద పడుతోందన్న మాట. మోటారు లేకపోయినా ఆ బోరు పైపొరను ఖాళీ చేస్తూనే ఉంటుంది. ఫెయిలైన బోర్లను మట్టితో పూడ్చి గట్టిగా మూసేయాలని చెప్పడానికి పిల్లలు పడిపోతారన్న భయం ఒక్కటే కారణం కాదు, ఇదీ ఒక కారణమే. ఈ రెండో కారణాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

వాగుకు కావాల్సింది పైపొర నీరు

భూగర్భ జలం అనగానే తాగునీరు, సాగునీరే గుర్తొస్తాయి. కానీ వాన వెలిసిన నెలకు కూడా వాగు పారుతోందంటే ఆ నీరు నేలలోంచి ఊరి వచ్చిందే. వాగు అడుగు కంటే పక్క నేలలో నీటిమట్టం ఎత్తుగా ఉన్నంతకాలం ఊట వాగులోకి వస్తుంది. మట్టం వాగు అడుగు కంటే కిందికి పడిపోయిన రోజు ఇది తిరగబడుతుంది: వాగులో ఉన్న నీళ్లే నేలలోకి ఇంకిపోతాయి. గుండ్లకమ్మకు, ఈ జిల్లాలోని మూసికి, మన్నేరుకు ఉపనదులైన వాగులు సంక్రాంతి దాకా పారేవని పెద్దవాళ్లు చెప్పే మాట, ఇప్పుడు వాన ఆగిన వారానికే ఆ వాగుల్లో ఇసుక తేలడం, రెండిటికీ కారణం ఇదే.

ఇసుకలో చెలమ తీసి నీళ్లు తోడుకోవడం ఈ ప్రాంతానికి బాగా తెలిసిన పని. మూరెడు లోతు గుంట తీసి, మొదట ఊరిన మురికినీటిని పారబోస్తే కాసేపటికి తేట నీరు వస్తుంది. ఏటి ఇసుక అసలు పని అదే. ఎకరం మేర, మీటరు మందం ఉన్న ఇసుక పొర తన సందుల్లోంచి సుమారు 8 లక్షల లీటర్ల నీటిని ఇవ్వగలదు, పైగా ఎండకు ఆవిరి కాకుండా. ఇసుకను లారీలకెత్తితే ఆ తొట్టి కూడా దానితోపాటే పోతుంది. తర్వాత వచ్చిన వరద ఆగడానికి చోటుండదు, ఒడ్డున ఉన్న బావుల ఊట తెగిపోతుంది.

ఒడ్డున ఉన్న చెట్ల సంగతీ అంతే. ఏరుమద్ది, నేరేడు, కానుగ వేసవిలో కూడా పచ్చగా ఉంటాయంటే వాటి వేర్లకు నీటిమట్టం అందుతోందన్న మాట. మట్టం ఏడాదికి ఒక అడుగు దిగితే వేరు వెంబడించగలదు. నాలుగైదేళ్లలో పది మీటర్లు దిగితే పెద్ద చెట్టు కొమ్మ చివర్ల నుంచి ఎండుతూ వస్తుంది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో వేసవి వచ్చిందంటే అటవీ శాఖ సిబ్బంది సాసర్ పిట్లు అనే నీటి గుంటల్లో ట్యాంకర్లతో నీళ్లు నింపుతారు. ఊటలు, చెలమలు ఉన్న చోట జంతువుకు ఆ అవసరం ఉండదు. అవి ఎండితే దుప్పి, అడవి పంది అడవి అంచు పొలాలకు దిగుతాయి, వాటి వెనకే చిరుత వస్తుంది.

నేల లోపల కూడా ప్రాణులున్నాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ జంతుశాస్త్రవేత్త వై. రంగారెడ్డి ఆంధ్ర ప్రాంతపు ఏటి ఇసుకల్లో, బావుల్లో, బోర్లలో వెతికి రొయ్యల కుటుంబానికి దూరపు చుట్టాలైన చాలా చిన్న జీవులను, సైన్సుకు కొత్తవైన జాతులను వర్ణించారు. ఇలాంటి జీవుల్లో చాలావాటికి కళ్లుండవు, రంగుండదు. చీకట్లో, ఇసుక రేణువుల మధ్య బతుకుతాయి. అక్కడి కుళ్లును, సూక్ష్మజీవులను తింటూ నీటిని శుభ్రంగా ఉంచడంలో సాయపడతాయి. వాటికి వేరే ఇల్లు లేదు.

ఇవన్నీ ఆధారపడింది నేల కింది మొదటి కొన్ని మీటర్ల నీటి మీద. ప్రభుత్వ లెక్కల్లో ఒక ప్రాంతాన్ని అంచనా వేసే పద్ధతి మాత్రం వేరు. ఏటా చేరే నీటిలో తోడుకోదగినదెంతో చూసి, అందులో ఎంత శాతం తోడుతున్నారో కడతారు. 70 శాతం లోపుంటే సురక్షితం, 70 నుంచి 90 పాక్షిక సమస్యాత్మకం, 90 నుంచి 100 సమస్యాత్మకం, 100 దాటితే మితిమీరిన వాడకం. ఈ లెక్క సాగుకు పనికొస్తుంది. కానీ మట్టం 4 మీటర్ల నుంచి 15 మీటర్లకు దిగి అక్కడే నిలకడగా ఉండిపోతే కాగితం మీద ఆ మండలం సురక్షితంగానే కనిపించవచ్చు. బోరుకు నీళ్లు అందుతుంటాయి. వాగుకు, చెట్టుకు, చేదబావికి మాత్రం అందవు. సురక్షితం అన్న మాటను ఇక్కడ జాగ్రత్తగా చదువుకోవాలి.

లోతు పెరిగితే ఫ్లోరైడూ పెరుగుతుంది

నీటిలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. దేశంలో దాన్ని మొదట గుర్తించింది నెల్లూరు జిల్లాలోనే, 1937లో. దున్నే ఎడ్లు కీళ్లు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోవడాన్ని రైతులు ముందు గమనించారు, తర్వాత అదే జబ్బు మనుషుల్లోనూ తేలింది. ఉమ్మడి ప్రకాశంలోని కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోవే. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి విడదీసి కొత్త జిల్లా చేశారు. జిల్లా పేరు మారినా నీరు మారలేదు.

ఫ్లోరైడు వచ్చేది రాతిలోంచే. గ్రానైటు, నైసు రాళ్లలోని అభ్రకం, ఫ్లోరైటు, అపటైటు లాంటి ఖనిజాల నుంచి అది కరుగుతుంది. నీరు రాతిని ఆనుకుని ఎంత ఎక్కువ కాలం ఉంటే అంత ఎక్కువ కరుగుతుంది. నీటిలో కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడును పట్టి ఉంచుతుంది, సోడియం, బైకార్బొనేటు పెరిగి కాల్షియం తగ్గితే వదిలేస్తుంది. లోతు పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలో జరిగేది అదే. ఏటేటా కొత్త వాన చేరే చేదబావి నీటిలో ఫ్లోరైడు సాధారణంగా తక్కువ. ఆ బావి ఎండి, ఊరు 500 అడుగుల బోరుకు మారిందంటే నీళ్లతో పాటు దాని గుణమూ మారిపోతుంది.

తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండొచ్చని, వేరే దారి లేకపోతే 1.5 వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. నీళ్లు కాచితే ఫ్లోరైడు పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. కాచి చల్లార్చి తాగుతున్నాం కదా అని ధీమాగా ఉండే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది. ఆర్వో ప్లాంటు ఫ్లోరైడును తీస్తుంది. కానీ వేరు చేసిన చిక్కటి నీటిని పక్కనే కాలువలోకి వదిలితే అది మళ్లీ ఆ నేలలోకే చేరుతుంది.

తీరంలో దొరువు చెప్పే సంగతి

కొత్తపట్నం, సింగరాయకొండ వైపు తీరంలో పరిస్థితి తిరగబడి ఉంటుంది. ఇసుక నేల వాన బాగా తాగుతుంది, నీళ్లు పది పదిహేను అడుగుల్లోనే ఉంటాయి. కానీ ఆ మంచినీరు ఉప్పునీటి మీద తేలుతున్న పలుచటి పొర. ఉప్పునీరు కొంచెం బరువు కాబట్టి కింద ఉంటుంది.

ఇక్కడి రైతులు దీన్ని ఎప్పుడో కనిపెట్టి దొరువులు తవ్వుకున్నారు. దొరువంటే బావి లాంటిది కాదు. పైన వెడల్పుగా, కింద సన్నగా, గరాటు ఆకారంలో ఇసుకలో తీసిన గుంట. అంచు నుంచి ఏటవాలుగా నడిచి దిగి, రెండు చేతులా రెండు కుండలు ముంచుకుని పైకొచ్చి నారుమడి మీద చల్లుతారు. ఇసుక జారుతుంటుంది, మళ్లీ ఎత్తిపోసుకుంటారు. ఇంకో రెండడుగులు తవ్వితే నీళ్లు ఎక్కువ వస్తాయి కదా అంటే ఎవరూ ఒప్పుకోరు. తవ్వితే ఉప్పు తగులుతుంది.

ఆ అనుభవానికి శాస్త్రం ఒక అంకె ఇచ్చింది. సముద్రమట్టం కంటే మంచినీటి మట్టం 1 మీటరు ఎత్తున ఉంటే దాని కింద సుమారు 40 మీటర్ల మేర మంచినీరు నిలబడుతుంది. అలాగే మట్టం 1 మీటరు తగ్గితే కింది నుంచి ఉప్పునీరు కాలక్రమంలో 40 మీటర్లు పైకి రావచ్చు. నేల స్వభావాన్ని బట్టి ఈ అంకె కొంత మారుతుంది, దిశ మాత్రం మారదు. ఒకే చోట గట్టిగా తోడితే ఆ బోరు కింద ఉప్పునీరు పుట్టలా పైకి లేస్తుంది. అందుకే తీరంలో లోతు బోరు ఒకటి నడపడం కంటే తక్కువ లోతులో చాలా చోట్ల కొంచెం కొంచెం తీసుకోవడం క్షేమం. బాపట్లలోని లవణ నీటి పరిశోధన కేంద్రం దొరువునే మెరుగుపరిచింది. ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, చుట్టూ ఉన్న పైపొర నీటిని మధ్య బావిలోకి రప్పించి, చిన్న మోటారుతో తోడే పద్ధతి తీసుకొచ్చింది.

రొయ్యల సాగు వచ్చాక నెల్లూరు, ప్రకాశం తీరాల్లో ఈ పలుచటి పొర మీద రెండు వైపుల నుంచీ భారం పడింది. చెరువులోని ఉప్పునీరు పక్కకు ఊరుతుంది. ఉప్పును పలుచన చేయడానికి మంచినీటి బోర్లు నడుస్తాయి. వ్యవసాయ భూములను, మడ అడవులను, ఉప్పు మడులను రొయ్యల చెరువులుగా మార్చకూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే తీర్పిచ్చింది. నేలలోకి ఒకసారి ఉప్పు ఎక్కితే అది కడిగిపోవడానికి ఎన్నో వానాకాలాలు పడుతుంది. పలకరాయి నేలలో బోరు ఎండితే మంచి వానకు మళ్లీ రావచ్చు, తీరంలో పాడైన బావి అంత త్వరగా బాగుపడదు. రెండిట్లో ఎక్కువ జాగ్రత్త కావాల్సింది తీరానికే.

ఇంకుడు గుంతలు ఎంతవరకు

2000లో నీరు-మీరు, ఆ తర్వాత నీరు-చెట్టు, ఉపాధి హామీలో పంట కుంటలు, కందకాలు. పేరేదైనా పని ఒకటే, వాన పరుగును ఆపడం. శిథిల పొర మందంగా ఉన్న గ్రానైటు నేలల్లో వీటికి మంచి ఫలితం ఉంటుంది. పలకరాయి మీద తవ్విన గుంతలో నీళ్లు నిలుస్తాయి కానీ దిగవు, చాలావరకు ఎండకు ఆవిరవుతాయి. రెండు వానాకాలాల ఒండ్రు చేరితే గుంత అడుగు మూసుకుపోతుంది. అప్పుడు పూడిక తీయాలి. తవ్వడానికి వచ్చినంత సులువుగా పూడికకు డబ్బులు రావు.

ఇంకో ఇబ్బంది, పై ఊళ్లో ఆపిన నీరు కింది ఊరి చెరువుకు పోవాల్సినదే. కంభం చెరువునే తీసుకుంటే, గుండ్లకమ్మ, జంపలేరు నీళ్లను కొండల మధ్య ఆపి విజయనగర కాలంలో కట్టిన చెరువది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. అది నిండిన ఏడాది ఆయకట్టులో కాలువ పారడమే కాదు, చుట్టూ ఉన్న బావులూ బోర్లూ తేరుకుంటాయి. ఎగువన వాగుకు వరసగా అడ్డుకట్టలు పడితే తక్కువ వాన ఏడాదుల్లో చెరువు దాకా వచ్చేది తగ్గుతుంది. ఎగువ ఊరికి చెక్‌డ్యాము కట్టొద్దని చెప్పడం న్యాయం కాదు. వాగు మొత్తానికి కలిపి ఒక లెక్క ఉండాలి. ఊరికో లెక్క చొప్పున కడుతూ పోతే ఉన్న నీళ్లే చోటు మారతాయి.

తోడకాన్ని ఎవరు కొలుస్తారు

1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం కాలం నుంచి నేల ఎవరిదైతే దాని కింది నీరూ వాళ్లదే అన్న భావన నడుస్తోంది. 2002లో రాష్ట్రం తెచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం దీనికి కొన్ని హద్దులు పెట్టింది: బోర్లు నమోదు చేయాలి, కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి, ఊరి తాగునీటి వనరుకు దగ్గరలో తవ్వకూడదు. అమలు ఎక్కువగా ఫిర్యాదు వచ్చిన చోటే జరుగుతుంది. బోరు ఎండిన రైతుకు కావాల్సింది నీళ్లు, అనుమతి కాగితం రెండో సంగతి.

2004 నుంచి సాగుకు కరెంటు ఉచితం. అది లేకపోతే మెట్ట రైతు నిలబడేవాడు కాదన్నది నిజం. లీటరు ఎక్కువ తోడినా రైతుకు ఖర్చు పెరగదన్నదీ నిజమే. ఆటో స్టార్టరు ఉన్న మోటారు కరెంటు రాగానే దానంతటదే మొదలవుతుంది, ఒక ఫీడరు కింద ఉన్న బోర్లన్నీ ఒకే గంటలో ఒకే పగులును లాగుతాయి. రైతును తప్పుపట్టడం తేలిక, కానీ ఒక్కడే మోటారు ఆపితే ఆ నీరు పక్కవాడి బోరులోకి పోతుంది. మిగిలించుకున్నవాడికి ఏమీ మిగలదు. కాబట్టి ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

డ్రిప్పు గురించి కూడా ఒక మాట. డ్రిప్పుతో ఎకరానికి పట్టే నీరు తగ్గుతుంది. మిగిలిన నీటితో రైతు ఇంకో ఎకరం తోట పెడితే తోడే మొత్తం మాత్రం తగ్గదు. బత్తాయి తోటల్లో ఈ ప్రమాదం ఎక్కువ. మిర్చి అయితే ఒక ఏడాది మానేయొచ్చు, ఆరేళ్ల చెట్టును ఎండనివ్వడానికి ఎవరికి మనసొప్పుతుంది? అందుకే చివరికి ట్యాంకర్లతో నీళ్లు పోసి, అప్పు చేసి కొత్త బోరు వేస్తారు.

కలిసి కొలిచే ప్రయత్నం ఒకటి ఈ జిల్లాలోనే జరిగింది. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, నెదర్లాండ్స్ ప్రభుత్వ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 కరవు జిల్లాల్లో రైతులే నిర్వహించుకునే భూగర్భ జల పథకం నడిచింది. అందులో ప్రకాశం ఒకటి. రైతులు, అందులో ఆడవాళ్లు కూడా, టేపు పట్టుకుని బోర్లలో నీటిమట్టం కొలిచారు, వానమాపకం చదివారు, ఊరి గోడ మీద అంకెలు రాశారు. వానాకాలం అయ్యాక అందరూ కూర్చుని, నేలలో ఎంత చేరింది, వేద్దామనుకున్న రబీ పంటలకు ఎంత కావాలి అని చూసుకున్నారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ ఆదేశించలేదు, జరిమానా లేదు, తోడకం తగ్గించినందుకు డబ్బు కూడా ఇవ్వలేదు. లోటు కళ్ల ముందు కనబడ్డాక చాలామంది తమంతట తామే వరి తగ్గించుకుని, నీరు తక్కువ పట్టే పంటలకు మళ్లారు. అప్పు చేసి వేసిన పంట మధ్యలో ఎండదన్న ధైర్యమే వాళ్లకు దక్కిన లాభం.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ప్రాజెక్టు అయిపోయాక కొలిచేవాళ్లు తగ్గుతారు. కంది, సజ్జ, కొర్రకు గిట్టుబాటు ధరకు కొనేవాళ్లు లేకపోతే లెక్క తెలిసీ రైతు వరికే పోతాడు. అయినా ఖర్చు తక్కువ, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రెండు సార్లు కూర్చుంటే సరిపోయే పని. భూగర్భ జల శాఖ పీజోమీటర్ల (నీటిమట్టం కొలవడానికి వేసిన బోర్ల) అంకెలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అవి రైతు సేవా కేంద్రం గోడ మీదికి, ఆ ఊరి భాషలో, విత్తనం కొనక ముందే రావాలి.

వెలిగొండ నీళ్లు వస్తే

పడమటి మండలాల ఆశంతా పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు మీద ఉంది. 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద 18 కిలోమీటర్లకు పైగా సాగే రెండు సొరంగాల ద్వారా కృష్ణా వరద నీరు 43.5 టీఎంసీలు తేవాలన్నది లక్ష్యం. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు, అప్పటికి నిర్వాసితుల పునరావాసం, మిగతా పనులు పూర్తి కాలేదు. తాగడానికి ఫ్లోరైడు లేని నీరు దొరకడం ఒక్కటి చాలు, ఈ ప్రాజెక్టు అవసరం ఏమిటో చెప్పడానికి.

సాగు సంగతి వేరుగా చూడాలి. 43.5 టీఎంసీలను 4 లక్షల 47 వేల ఎకరాల ఆయకట్టుకు సమానంగా పంచితే ఎకరానికి వచ్చేది సుమారు 27.5 లక్షల లీటర్లు. ఆవిరి, కాలువల్లో ఇంకేది, తాగునీటి వాటా ఇంకా తీయలేదు. వరికి కావాల్సిన 48 లక్షల్లో అది సగం కంటే కొంచెం ఎక్కువ. ఆరుతడి పంటకు సరిపోతుంది. కాలువ తలాపున ఉన్నవాళ్లు వరి వేస్తే చివరి ఊళ్లకు నీరు అందదు, వాళ్లు మళ్లీ రిగ్గు లారీనే పిలుస్తారు. సాగర్ కుడి కాలువ కింద దర్శి వైపు చివరి ఆయకట్టు రైతులకు ఈ అనుభవం కొత్త కాదు.

కాలువ నీరు పారే చోట కొంత ఇంకి బోర్లు పైకొస్తాయి. ఆ ఊట నీటిని తలాపు ఊళ్లు బోర్లతో వాడుకుని, కాలువ నీటిని కిందికి వదిలితే రెండూ ఎక్కువ దూరం వస్తాయి. దానికి ఏ తూము కింద ఏ పంట, ఎన్ని తడులు, ఏ నెలలో కాలువ, ఏ నెలలో బోరు అన్న ఏర్పాటు నీళ్లు రాకముందే కుదరాలి. ఒకసారి మడి కట్టి నాట్లు వేశాక ఆ భూమిని ఆరుతడికి మార్చమంటే ఏ ఊరూ ఒప్పుకోదు.